ఒక్కటే టిక్కు పెట్టండి

2016 జనవరి. పసిఫిక్‌లోని వనువాటు దేశం, టన్నా ద్వీపంలో, యాసుర్ అగ్నిపర్వతానికి గాలివాలులో ఉన్న ఒక ఊరు. క్లిప్పు అట్టకి బిగించిన ఫారాల కట్ట ఒళ్లో పెట్టుకుని ఒక ఇంటి ముందు చాప మీద కూర్చున్నాను. పదకొండో ప్రశ్న దగ్గర బండి ఆగిపోయింది. ‘మీ కుటుంబానికి ప్రధానమైన ప్రకృతి విపత్తు ఏది? ఒక్కటే టిక్కు పెట్టండి.’ కింద ఏడు గళ్లు: తుఫాను, భూకంపం, సునామీ, అగ్నిపర్వతం, వరద, కరువు, కొండచరియలు.

నా వెంట వచ్చిన కుర్రాడు దాన్ని అక్కడి భాష బిస్లామాలో చదివి వినిపించాడు. ఆ ఇంటి పెద్దావిడ కాసేపు గళ్ల వంక చూసి ఏదో అడిగింది. కుర్రాడు నావైపు తిరిగి, “ఏ నెలకి రాయాలి అంటోంది” అన్నాడు.

వేళాకోళం అనుకున్నాను. కాదు. పది నెలల కిందట, 2015 మార్చి 13, 14 తేదీల్లో, పామ్ తుఫాను ఆ దేశాన్ని ఊడ్చేసింది. గంటకి 250 కిలోమీటర్ల గాలి. పోయిన తోటల్ని మళ్లీ నాటుకుంటుండగానే ఎల్ నినో వచ్చి వానల్ని ఎగ్గొట్టింది. నాటిన దుంప మట్టిలోనే ఎండింది. ఇక మేం కూర్చున్న చాప మీద, నా ఫారాల మీద, సన్నటి నల్లటి బూడిద రాలుతూనే ఉంది. నేను మాటిమాటికీ దులపడం చూసి ఆవిడ నవ్వింది. 1774లో కెప్టెన్ కుక్ ఓడ మీంచి చూసిన వెలుగు ఈ కొండదే. అప్పటికీ ఇప్పటికీ అది రగులుతూనే ఉంది. మరి భూకంపం సంగతేమిటని అడిగితే, అదీ ఒక లెక్కేనా అన్నట్టు చెయ్యి విసిరింది.

ఆ ఫారం తయారు చేసింది నేను కాదు. అలాంటివి నేనూ తయారు చేశాను గనక ఆ గళ్లని తిట్టే అర్హత నాకు లేదు. నేను సివిల్ ఇంజినీర్ని. అప్పట్లో ఫిజీ రాజధాని సువాలో రెండేళ్ల కాంట్రాక్టు మీద, తుఫాను తట్టుకునే ఇళ్ల పని చూసేవాణ్ణి. ఆ పని మీదే పక్క దేశమైన వనువాటుకి వెళ్లాను. ఆవిడ అడిగిన ప్రశ్న దగ్గరే నా బుర్ర ఇన్నేళ్లూ తిరుగుతోంది. దాన్నుంచి తేలిందేమిటంటే: విపత్తులు కలిసి వస్తాయి, మనం వాటికి విడివిడిగా ఫైళ్లు తెరుస్తాం. ఒకదాన్నుంచి కాపాడబోయి మనుషుల్ని ఇంకోదాని నోట్లోకి తోస్తాం. అక్కడి జనం ఇన్ని శతాబ్దాలు నెగ్గుకొచ్చింది ఏ ఒక్కదాన్నీ జయించి కాదు, దేనికోసమూ తమ దగ్గరున్నదంతా పందెం కాయకపోవడం వల్ల.

వనువాటు గురించి నాలుగు ముక్కలు. ఫిజీకి పడమరగా, ఆస్ట్రేలియాకి తూర్పుగా దాదాపు 80 ద్వీపాలు. జనం 3 లక్షలు, మన ఒక మోస్తరు పట్టణమంత. సొంత భాషలు మాత్రం నూటికి పైనే. వాటన్నిటి మధ్య వారధి బిస్లామా. 1980 దాకా బ్రిటనూ ఫ్రాన్సూ జంటగా ఏలాయి. రెండు పోలీసు దళాలు, రెండు జైళ్లు, జనానికి మాత్రం ఏ పౌరసత్వమూ లేదు. భూమి అడుగున ఆస్ట్రేలియా ఫలకం (ఖండాల్ని మోసే భారీ రాతిపలక) పసిఫిక్ వైపు ఫలకం కిందికి దూరుతోంది, కొన్నిచోట్ల ఏడాదికి 10 సెంటీమీటర్లకు పైగా. గోళ్లు కూడా అంత వేగంగా పెరగవు. అందుకే భూకంపాలు, అందుకే అగ్నిపర్వతాలు. పైన ఆకాశంలో నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫానుల కాలం. విపత్తు ముప్పుని లెక్కగట్టి దేశాలకి ర్యాంకులిచ్చే ప్రపంచ సూచీలో ఈ దేశం 2021 దాకా ఏళ్ల తరబడి మొదటి స్థానంలో ఉండేది. ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నందుకు ఎవరూ మిఠాయి పంచలేదు.

ఇప్పుడు నా గోల కొంచెం.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 నాటికి నాకు ఏడేళ్లు. ఆ రాత్రి గురించి మా వైపు ఏ ఇంట్లో అడిగినా చెబుతారు గనక ఇక్కడ తిరగరాయను. దాదాపు 5 మీటర్ల ఉప్పెన, ప్రభుత్వం లెక్క ప్రకారమే పదివేల దగ్గర ప్రాణాలు. మేం బతికింది వీధి చివరి డాబా మీద. ఊళ్లో అప్పటికి డాబా అన్నది అదొక్కటే. మా తాటాకిల్లు, దాని పక్కన గొడ్ల సావిడి, ఏవీ లేవు తెల్లారేసరికి. ఆ తరవాత మా మామ్మ పట్టిన పట్టు ఒక్కటే: “ఒరేయ్, ముందు స్లాబు పోయించండ్రా, పెళ్లిళ్లూ పేరంటాలూ తరవాత.” నాన్న అప్పు చేసి స్లాబు పోయించాడు. మా చిన్నత్త పెళ్లి రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ డాబా మీద పడుకుని చదువుకునే నేను సివిలు తీసుకున్నాను. మా ఇంట్లో సిమెంటు అంటే ఒక సరుకు పేరు కాదు, ఒక నమ్మకం.

ఆ నమ్మకంతోనే టన్నాలో దిగాను. అక్కడి పాత పద్ధతి ఇల్లు చూసి జాలిపడ్డాను. నేలలోకి లోతుగా పాతిన గుంజలు, అడవి రెల్లు లాంటి గడ గోడలు, చూరు దాదాపు నేలని తాకుతూ తిరగేసిన పడవలాంటి ఆకుల కప్పు. లోపలికి వంగి వెళ్లాలి. మేకు ఒక్కటి లేదు, అంతా తీగల కట్లు. ఇందులోనా పామ్ గాలికి తలదాచుకున్నారు అని అడిగాను. అవును, రేకుల ఇళ్లు ఎగిరిపోతుంటే చాలా కుటుంబాలు వచ్చి కూర్చున్నది వీటిలోనే. గాలి పట్టుకోవడానికి గోడ ఎత్తు ఉంటేగా? కట్లు బిగుసుకుని సాగుతాయి తప్ప పుటుక్కున తెగవు. తెగి మీద పడ్డా చచ్చేంత బరువు లేదు. పడిపోతే నెలలో లేపుకోవచ్చు, సరుకంతా పెరట్లో దొరికేదే.

నేను లెక్కలు వేశాను. వేసినకొద్దీ ఒక విషయం బోధపడింది. మా మామ్మ తప్పు చెప్పలేదు, ఆమె చెప్పింది దివిసీమకి. మాది బల్లపరుపు నేల. సముద్రం లోతు లేకుండా దూరం దాకా పరుచుకుని ఉంటుంది, గాలి తోస్తే నీరు మైళ్ల లోపలికి వస్తుంది. మమ్మల్ని చంపింది గాలి కాదు, నీళ్లు. నీళ్లకి మందు ఎత్తు. టన్నా అలా కాదు. తీరం దాటగానే సముద్రం అగాధం, ఊరు దాటగానే కొండ. మా తీరంలా మైళ్ల కొద్దీ నీరు పరుచుకోవడానికి అక్కడ చోటు లేదు. అక్కడ చంపేది ఎగిరొచ్చే రేకు, కూలే గోడ. తుఫాను అనే ఒకే గడిలో ఈ రెండు చోట్లనీ పడేసి, ఒకే డిజైను అచ్చుగుద్ది పంపేవాళ్లం.

అలాగని ఆకుల ఇల్లే స్వర్గం అని రాసి పారేస్తే అదింకో అబద్ధం. ఆకుల కప్పు మీంచి తాగునీళ్లు పట్టుకోలేం. ఏరూ బావీ లేని చోట వాన నీళ్లే దిక్కు, దానికి రేకు కావాలి. రేకు ఉందా, యాసుర్ పొగలోని ఆమ్లానికి అది తుప్పు పడుతుంది, బూడిద ట్యాంకులోకి దిగుతుంది. బూడిద ఎక్కువగా పడ్డ రోజున కప్పు మీంచి వచ్చే గొట్టం ఊడదీసి పక్కన పెట్టాలి, వాన మొదటి జల్లు కడిగాక మళ్లీ తగిలించాలి. నేను వెళ్లిన ఇంట్లో పడుకోవడానికి ఆకుల ఇల్లు, నీళ్లకోసం పక్కన రేకుల షెడ్డు, రెండూ ఉన్నాయి. పెద్దావిడకి ఇందులో విశేషమేమీ కనబడలేదు. మా ఫారంలో మాత్రం ‘ఇంటి రకం’ దగ్గర కూడా ఒక్కటే టిక్కు.

దాదాపు తొమ్మిదేళ్ల తరవాత, 2024 డిసెంబరు 17 మధ్యాహ్నం, రాజధాని పోర్ట్ విలా పక్కనే 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. పద్నాలుగు మంది దాకా పోయారు. ఊరి నడిబొడ్డున కాంక్రీటు భవనాలు అంతస్తు మీద అంతస్తు కూర్చుండిపోయాయి. రేవుకి వెళ్లే దారి మీద కొండచరియ విరిగిపడింది. సముద్రం కింది కేబులు వ్యవస్థ దెబ్బతిని ఇంటర్నెట్టు తెగింది, విమానాశ్రయం ప్రయాణికుల విమానాలకి కొన్ని రోజులు మూతబడింది. నేను హైదరాబాదులో కూర్చుని, తెలిసినవాళ్ల వాట్సాప్‌లో ఒంటి టిక్కు ఎప్పుడు జంట టిక్కవుతుందా అని చూస్తున్నాను. ఆ కూలినవాటిలో నేను డిజైను చేసినవి లేవు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తప్పు సిమెంటుదీ కాదు. కమ్మీ సరిగ్గా వంచి, ఇసుక మంచిది వాడి కడితే కాంక్రీటు భూకంపానికీ నిలబడుతుంది. కానీ అలా కట్టడానికి కావలసిన ఇసుక, కమ్మీ, తాపీమేస్త్రి, తనిఖీ చేసే మనిషి, ఇవన్నీ ఓడలో రావలసిన చోట, సగం ఖర్చుతో కట్టిన స్లాబు కన్నా గడ గోడ నయం. గాలి భయంతో బరువు పెంచుతాం, భూమి కదిలితే ఆ బరువే మీద పడుతుంది.

ఇక అంబే సంగతి. ఒక విపత్తు కాళ్లు ఇంకో విపత్తు కాళ్లకి ఎలా మెలిపడతాయో చూడాలంటే ఇంతకన్నా ఉదాహరణ లేదు. అంబే ద్వీపం అంటే ఒక పెద్ద అగ్నిపర్వతం వీపు, నెత్తిన వూయీ అనే సరస్సు. 2017 సెప్టెంబరులో అది రేగింది. ద్వీపం మొత్తాన్ని, దాదాపు 11 వేల మందిని, పడవల్లో పక్క ద్వీపాలకి తరలించారు. నెల తరవాత తిరిగి వెళ్లండి అన్నారు. వెళ్లారు. 2018లో మళ్లీ రేగింది, ఈసారి బూడిద ఇంకా దట్టం. తోటలు పూడిపోయాయి, నీళ్లు పాడయ్యాయి, జులైలో మళ్లీ అందర్నీ ఖాళీ చేయమన్నారు. కొందరు మయేవోకి, కొందరు ఎస్పిరిటు శాంటోకి. ఒక దేశం ఒక ద్వీపం మొత్తాన్ని ఏడాది లోపు రెండుసార్లు ఖాళీ చేసింది, ప్రాణనష్టం దాదాపు లేకుండా. విపత్తు నిర్వహణ పుస్తకాల్లో దీన్ని విజయం అని రాస్తారు. ప్రాణాల లెక్కలో నిజమే.

మయేవో వాళ్లకీ అంబే వాళ్లకీ పాత చుట్టరికాలు ఉన్నాయి. అన్నదమ్ముల్లా తోటలిచ్చారు, దుంపలిచ్చారు. కానీ చుట్టం చూపు నెలలు గడిచేకొద్దీ ఇద్దరికీ బరువే, మనకి తెలియనిదా. ఉన్న తోట ఇద్దరు తింటే రేపటి విత్తనపు దుంప కూడా కరిగిపోతుంది. శాంటోకి పోయినవాళ్లలో కొందరు అక్కడే ఉండిపోయారు. 2020 ఏప్రిల్ 6న ఐదో కేటగిరీ తుఫాను హెరాల్డు సరిగ్గా శాంటో మీదే దిగింది. అగ్నిపర్వతం నుంచి కాపాడి తెచ్చిన చోట తుఫాను. అదీ కోవిడ్ భయంతో దేశం సరిహద్దులు మూసుకుని ఉన్న సమయం. అప్పటికి వనువాటులో ఒక్క కోవిడ్ కేసు లేదు, అది లోపలికి రాకూడదని విదేశీ సహాయక సిబ్బందిని రానివ్వలేదు. విమానాల్లో వచ్చిన సరుకుని కూడా క్వారంటీనులో పెట్టారు.

అప్పుడేమైంది? ఆకాశం విరిగిపడుతుందని బయట చాలామంది అనుకున్నారు. స్థానికులే నడిపారు. సర్వే ఫారాలు అక్కడి కుర్రాళ్లే నింపారు, గాలి తగలని ద్వీపాల నుంచి దుంపలు, అరటి గెలలు పడవలెక్కాయి. ఇబ్బంది పడలేదని కాదు, చాలా పడ్డారు, ఆలస్యాలయ్యాయి. కానీ మాలాంటివాళ్లు లేకపోతే కదలదు అనుకున్న బండి మేం లేకుండా కదిలింది. కన్సల్టెంటుగా నాకు కొంచెం గుచ్చుకుంది, మనిషిగా సంతోషించాను. రెండూ నిజం.

ద్వీపం వదిలి పోవడం, తిరిగి రావడం వాళ్లకి కొత్త కాదు. 15వ శతాబ్దంలో కువాయే అనే అగ్నిపర్వతం పేలింది. ఎపీ, టొంగోవా ద్వీపాలు ఒకే నేలగా ఉండేవని, అది పగిలి ముక్కలైందని అక్కడి కథ. తనకి జరిగిన అవమానానికి పగ తీర్చుకోవడానికి ఒకతను కొండని లేపాడని చెబుతారు. బతికినవాళ్లు ఎఫాటే ద్వీపానికి పారిపోయి, బూడిద మీద పచ్చదనం మొలిచాక, ఒక్కో పెద్ద ఒక్కో బిరుదు పేరుతో తిరిగొచ్చి టొంగోవాలో ఊళ్లు కట్టారట. 1960లలో జోసే గరాంజే అనే ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు ఆ కథలు పట్టుకుని తవ్వితే, బూడిద పొరా దొరికింది, మనుషుల జాడా దొరికింది. ఆ కథలో నాకు నచ్చింది విస్ఫోటనం కాదు, బిరుదులు. ఎవరి నేల ఎవరిదో ఆ బిరుదు పేరులోనే ఉంటుంది. మనిషి ఎంతకాలం దూరంగా ఉన్నా, వాడు పోయినా, పేరు పెట్టుకున్నవాడు వచ్చి నా నేల ఇది అనగలడు. మనం భూమి రికార్డుల ఆఫీసులో వరద నీళ్లకి తడిసిన అడంగల్ కోసం తిరిగిన తిరుగుళ్లు గుర్తొచ్చాయి.

నేల దగ్గరే అసలు విషయం ఉందని నా అభిప్రాయం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రాసుకున్న రాజ్యాంగంలో వాళ్లు ఒక వాక్యం పెట్టుకున్నారు: దేశంలోని భూమంతా సంప్రదాయ హక్కుదారులది, వాళ్ల సంతతిది. అమ్మడానికి లేదు, లీజుకి ఇవ్వొచ్చు, గరిష్ఠం 75 ఏళ్లు. జనంలో ముప్పాతిక మంది పల్లెల్లో సొంత తోట మీద బతికేవాళ్లే. నగదు లెక్కన బీదవాళ్లు. పామ్ తరవాత లెక్కగడితే నష్టం దేశం ఏడాది రాబడిలో 64 శాతం, దాదాపు 45 కోట్ల డాలర్లు. మన ఊహకి అందే మాటలో చెప్పాలంటే, ఒక కుటుంబం ఏడాది సంపాదనలో ఏడున్నర నెలల జీతం ఒక్క రాత్రిలో పోయినట్టు. అంత గాలికీ చనిపోయినవాళ్లు 20 దాటలేదు. తరవాత ఆకలి చావులు లేవు. దీనికి ముందస్తు హెచ్చరికలు కారణం, సందేహం లేదు. రెండో కారణం తోట.

తోటని వాళ్లు తుఫానుకి తయారు చేసే తీరు చూడాలి. గాలి వస్తోందని తెలిసీ తెలియగానే కర్రపెండలం కాండాలు పైనుంచి నరికేస్తారు. గాలికి ఊగే తల లేకపోతే దుంప పెళ్లగిల్లదు. అరటి ఆకులు కోసేస్తారు. తుఫాను పోయాక తినడానికి కూడా ఒక వరస ఉంది. నేల రాలిన అరటి, సీమపనస ముందు, అవి నిలవ ఉండవు. కదిలిన కర్రపెండలం తరవాత. మట్టిలో క్షేమంగా ఉన్న పెండలం, చేమ ఆఖరికి. ఇంకా గడ్డురోజులకి అడవి పెండలం, దాన్ని ఎక్కడ వెతకాలో ముసలివాళ్లకి తెలుసు. బిస్లామాలో దీన్నంతా కలిపి ‘ఐలన్ కాకాయ్’ అంటారు, ద్వీపం తిండి అని. పామ్ తరవాత ఓడల నిండా బియ్యం, డబ్బా చేపలు వచ్చాయి. బియ్యం మనకి అన్నపూర్ణే గానీ అక్కడ పండవు, కొనుక్కోవాలి. ఆకలిగా ఉన్నవాడికి బియ్యం పంచడం తప్పనను. కానీ ఆర్నెల్లు పంచి, నాటడానికి దుంప ముక్కలు పంచకపోతే, ఆ పిల్లలకి బియ్యం రుచి మరుగుతుంది, తోట చిన్నదవుతుంది, వచ్చే తుఫానుకి ఓడ కోసం ఎదురుచూడాలి.

తోట లేనివాడి సంగతి పోర్ట్ విలాలో చూశాను. పనికోసం బయటి ద్వీపాల నుంచి వచ్చి, ఊరి అంచున ఇంకొకరి నేల మీద మాటల ఒప్పందంతో రేకుల గుడిసె వేసుకున్నవాళ్లు. పోర్ట్ విలా ఉన్న ఎఫాటే ద్వీపం తీరం చాలా మటుకు లీజుల్లోకి, విదేశీయుల విల్లాల్లోకి వెళ్లిపోయింది. గుడిసె గట్టిగా కట్టుకోమని వాళ్లకి నేను సలహా ఇవ్వబోతే, ఒకతను, “రేపు పొమ్మంటే విప్పి తీసుకుపోయేలా ఉండాలి కదా” అన్నాడు. డిజైను పుస్తకంలో ఈ షరతు లేదు.

ఇక్కడ మనవాళ్ల ముచ్చట ఒకటి. సువాలో నేను అద్దెకున్న ఇంటి పెద్దాయన తాత మద్రాసు రేవు నుంచి గిర్మిట్ మీద, అంటే చెరకు తోటల కూలి ఒప్పందం మీద, వచ్చిన తెలుగువాడు. 1903 నుంచి మన తీరం జిల్లాల వాళ్లు అలా చాలామంది వెళ్లారు. ఆయనకి తెలుగు ‘అమ్మ’, ‘నీళ్లు’, రెండు తిట్లు మిగిలాయి. వాళ్లది చెరకు భూమి, కౌలుది, 30 ఏళ్ల గడువు. తొంభైల చివర గడువు తీరి, పొడిగింపు లేక ఊరొదిలి సువా వచ్చారు. నేను టన్నా నుంచి తిరిగొచ్చిన నెలకి, 2016 ఫిబ్రవరి 20న, విన్‌స్టన్ తుఫాను ఫిజీని చితక్కొట్టింది. ఆయన టీవీ ముందు కూర్చుని, “మా పాత ఊళ్లోనే ఉండుంటే ఇల్లు పోయేది, మళ్లీ కట్టేవాణ్ణి. ఇక్కడ పోతే ఎక్కడ కట్టను?” అన్నారు, హిందీలో. భూమి యజమానులైన ఫిజీ ఆదివాసులకీ తమ వాదన తమకుంది, అది న్యాయమైనదే. ఆయన మాటా నిజమే.

పేర్లు పెట్టే మన ఉబలాటం గురించి కూడా ఒక మాట చెప్పాలి. వనువాటు ఉత్తరాన తెగువా అనే చిన్న ద్వీపం, అక్కడి లటెవూ అనే ఊరు నీళ్లలో మునుగుతోందని లోపలికి జరిపారు. 2005లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ వాళ్లని వాతావరణ మార్పు వల్ల తరలిన మొదటి ఊళ్లలో ఒకటిగా ప్రకటించింది. ప్రపంచమంతా రాసింది. తరవాత శాస్త్రవేత్తలు ఉపగ్రహ పరికరాలతో కొలిస్తే, 1997 నుంచి 2009 మధ్య సముద్రం 15 సెంటీమీటర్లు పెరిగింది, అదే సమయంలో ద్వీపం 12 సెంటీమీటర్ల దాకా కుంగింది. కింద ఫలకాల ఒత్తిడి పని. అంటే వాళ్ల కొబ్బరిచెట్లు నీళ్లలో నిలబడటానికి సగం కారణం పెరిగిన సముద్రం, అందులో బొగ్గు మండించిన దేశాల వాటా ఉంది; మిగతా సగం భూగర్భం. ఇది వాతావరణ మార్పుని కొట్టిపారేసేవాళ్లకి దొరికిన ఆయుధం కాదు. పెరిగిన 15 సెంటీమీటర్లు పెరిగినవే. కానీ గడి ఒక్కటే, టిక్కు ఒక్కటే అన్నప్పుడు ఏ నిధి వస్తుందో ఆ గడిలోకే ఊరు వెళ్తుంది. లటెవూ వాళ్లకి కావలసింది రెండిటికీ సరిపడే ఎత్తు. కారణం ఏదైతేనేం, నీళ్లు ఇంటికొచ్చాయి.

ఇంతవరకూ చదివి, ఈయన పాతదంతా బంగారం అంటున్నాడు అనుకునేవాళ్లుంటారు. కాదు. పెంటకోస్ట్ ద్వీపం దక్షిణాన మార్టెల్లీ అఖాతం అనే చోట, 1999 నవంబరు చివర్లో ఒక అర్ధరాత్రి భూకంపం వచ్చింది. సముద్రం వెనక్కి పోవడం చూసి ఊరు ఊరంతా చీకట్లో కొండెక్కింది. అలలు వచ్చి ఊరిని తుడిచేశాయి, మనుషులు చాలామటుకు మిగిలారు. ఎలా తెలిసింది? ముందటేడు పాపువా న్యూ గినీలో రెండువేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న సునామీ గురించిన వీడియో, కొన్ని వారాల ముందే, జెనరేటరు పెట్టి ఆ ఊళ్లో వేసి చూపించారు. తాతల కథ కాదు, టీవీ. అలాగే, తుఫాను ఎక్కడుందో రేడియో చెప్పే అక్షరమూ అంకే విని, గళ్ల పటం మీద చుక్క పెట్టుకుంటూ కూర్చునే అలవాటు అక్కడ పిల్లలకీ ఉంది. మామిడి, సీమపనస విరగకాస్తే గాలులు పెద్దవొస్తాయని, కందిరీగలు గూడు కిందుగా కడితే జాగ్రత్తపడమని పెద్దలు చెప్పేవీ వింటారు. వాళ్ల వాతావరణ శాఖ ఇలాంటి గుర్తుల్ని సేకరించి పెట్టుకుంది కూడా. రెండిట్లో ఏది వదులుకోవాలి అన్న ప్రశ్న బయటివాళ్లదే.

కస్టమ్ అని వాళ్లు పిలుచుకునే సంప్రదాయంలో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. ఊరి నిర్ణయాలు జరిగే నకమల్‌లోకి చాలాచోట్ల ఆడవాళ్లు అడుగుపెట్టరు. తుఫాను రోజు ఎవరు ఎక్కడికి పోవాలో మగవాళ్లు కవా (వేరుతో చేసే మత్తు పానీయం) తాగుతూ తేలుస్తారు, పిల్లల్నీ ముసలివాళ్లనీ మోసేది ఎవరు? ఊళ్లలో విపత్తు కమిటీలు వేశాక ఇది కొంత మారుతోంది. దివిసీమలో రచ్చబండ దగ్గర మాత్రం ఎవరు కూర్చునేవాళ్లని!

ఇంకో మాట ఉంది, నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండుతుంది. ‘వాళ్లకి తట్టుకునే శక్తి ఉంది.’ ప్రతి నివేదిక ముందుమాటలోనూ నవ్వుతున్న పిల్లల ఫొటో పక్కన ఈ వాక్యం. మెచ్చుకోలుకి పైసా ఖర్చు లేదు. 45 కోట్ల డాలర్ల నష్టానికి పామ్ తరవాత ఆ దేశానికి ప్రాంతీయ బీమా పథకం ఇచ్చింది 19 లక్షల డాలర్లు. త్వరగా ఇచ్చారు, ఆ మాట ఒప్పుకోవాలి. 2020 డిసెంబరులో వనువాటుని అత్యంత వెనకబడిన దేశాల జాబితా నుంచి పై మెట్టు ఎక్కించారు. తలసరి ఆదాయం, చదువు ఆరోగ్యం చూసి ఎక్కించారే తప్ప, ముప్పుకి గురయ్యే కొలతలో అది ఎప్పుడూ పాసు కాలేదు. తట్టుకుంటారు కదా, ఇంకేం. ఎవరైనా మా మామ్మ దగ్గరకొచ్చి ‘మీరు భలే తట్టుకున్నారండీ’ అని ఉంటే ఆవిడ ఏం చేసేదో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

వాళ్లు ఆ మెచ్చుకోలుతో ఊరుకోలేదు. 2019లో పోర్ట్ విలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయం లా విద్యార్థులు 27 మంది తరగతి గదిలో మొదలెట్టిన ఆలోచనని వనువాటు ప్రభుత్వం భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో తీర్మానం చేసింది, 2025 జులై 23న అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది: వాతావరణాన్ని కాపాడే బాధ్యత దేశాలకి చట్టబద్ధంగా ఉంది, అది తప్పితే నష్టపరిహారం దాకా వెళ్లొచ్చు అని. తీర్పుతో రేకు ముక్క కూడా రాకపోవచ్చు. కానీ మూడు లక్షల మంది దేశం సాయం అడగడం మాని లెక్క అడిగింది. ఆ పోర్ట్ విలాలోనే, తీర్పు రావడానికి ఏడు నెలల ముందే, నడివీధి భవనాలు కూలాయి. భూకంపానికి కోర్టులో ఎవర్ని నిలబెట్టాలి? వాళ్ల కష్టంలో కొంత భాగానికే బాధ్యులున్నారు. తెగువా లెక్కలాంటిదే ఇదీ.

2023 మార్చి 1న జూడీ, 3న కెవిన్, రెండు తుఫానులు రెండు రోజుల తేడాలో వచ్చాయి. మూడో తేదీనే శాంటో దగ్గర 6.5 భూకంపం. ఆ వార్త చూసినప్పుడు నేను ఇంట్లో ఉన్న పాత ట్రంకు పెట్టె తీసి 2016 నాటి నివేదిక వెతికాను. వంద చిల్లర పేజీలు. ముప్పై రెండో పేజీలో రంగుల గుండ్రటి బొమ్మ, ‘కుటుంబాలు గుర్తించిన ప్రధాన విపత్తు’. సగం పైగా ముదురు నీలం, తుఫాను. అగ్నిపర్వతం సన్నటి నారింజ ముక్క.

ఆ పెద్దావిడ ఫారంలో ఏడు గళ్లూ ఖాళీగానే వదిలేసి లేచాను ఆ రోజు. ఖాళీ ఫారాలు చెల్లవు అని ముందే చెప్పారు. రాత్రి గెస్టుహౌసులో సోలార్ దీపం వెలుతుర్లో కూర్చుని, బూడిద దులిపి, అలా ఖాళీగా ఉన్న పద్నాలుగు ఫారాల్లోనూ తుఫాను గడిలో నేనే టిక్కు పెట్టాను.